ఆకాశం తోడుకున్న కుండ

అశోక్‌నగర్, హైదరాబాద్
20 జనవరి 2013

మీకు,

మీరు వెళ్ళి ఇరవై రెండు రోజులైంది. అక్కడ సెల్‌ఫోన్ గేటు దగ్గరే పెట్టించుకుంటారని, ఆకాశాన్ని వినే డిష్‌లకు ఫోన్లు అడ్డమని మొన్న ఊళ్ళోని బూత్ నుంచి చేసినప్పుడు చెప్పారు. నేను ఒక్క మాటా మాట్లాడలేదని కోపం వచ్చిందేమో. హాస్టల్ ఫోను ఆఫీసు గదిలో ఉంటుంది కదా. పక్కన వార్డెనమ్మ కూర్చుంది, ఇద్దరు ఆడపిల్లలు తమ వంతు కోసం నిలబడ్డారు, అత్తమ్మ నా భుజం మీదికి వంగి వింటోంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఐదో తరగతి వరకే చదివినా కాగితం ముందు నాకు భయం లేదు. కాగితం నా ముఖంలోకి చూడదు.

ఇక్కడ పని మామూలే. అరవై మంది ఆడపిల్లలకు పొద్దున ఉప్మా, మధ్యాహ్నం అన్నం పప్పు. గ్రూప్ పరీక్షలకు చదివే పిల్లలు కదా, తినేటప్పుడు కూడా పుస్తకం మూయరు. మంజుల అని మహబూబాబాద్ వైపు అమ్మాయి నిన్న చారులో పేజీ ముంచింది. "అక్కా, రాజ్యాంగం నానింది, జర గుడ్డ ఇయ్యి" అంది. అందరం నవ్వాం.

అత్తమ్మ రోజూ ఒకటే అడుగుతుంది. "గంత దూరం పోయి ఏం జేస్తుండే వాడు? లోయర్ ట్యాంక్ బండ్ కాడ లారీ షెడ్డు ఉండె గదా, అది ఏం పాపం చేసింది?" అని. నేను తలూపుతాను. పెద్దవాళ్ళు మాట్లాడితే విన్నానని తలూపాలని మా అమ్మ నేర్పింది. అంతకు మించి పెద్దల ముందు నాకు మాట రాదు.

అక్కడి పెరుగు మీకు సయించడం లేదన్నారు. ఈ కవరులో తెల్ల గుడ్డ ముక్క పెడుతున్నాను. జాగ్రత్తగా వాడుకోండి. ఎలాగంటే... అత్తమ్మ పిలుస్తోంది, పాలు పొంగాయట. మంజుల పోస్టుకు వెళ్తోంది, ఇప్పుడే ఇచ్చేయాలి.

మీ మహేశ్వరి


పుణె దగ్గర, డిష్‌ల క్యాంపు
4 ఫిబ్రవరి 2013

మహేశ్వరీ,

నీ ఉత్తరం అందింది, జేబులో పెట్టుకోమని పంపిన దస్తీ కూడా అందింది. పుల్లటి వాసన వస్తుంటే సబ్బు పెట్టి రెండుసార్లు ఉతికి ఆరేశాను. ఇప్పుడు మల్లెపువ్వులా ఉంది. అంచులు కుట్టడం మరిచిపోయినట్టున్నావు, ఫరవాలేదు.

అమ్మకు నా పని ఏమిటో చెప్పు. ఇక్కడ పొలాల మధ్య పెద్ద పెద్ద డిష్‌లు ఉన్నాయి. ఒక్కొక్కదాంట్లో మన హాస్టల్ భవనాన్ని పడుకోబెట్టొచ్చు. చేపల వలలా సన్నటి తీగల జాలీతో అల్లారు. ఆకాశం నుంచి వచ్చే రేడియో అలలను అవి పట్టుకుంటాయి. ఎటు కావాలంటే అటు తిరగాలి కాబట్టి కింద మెడలో పళ్ళచక్రాలుంటాయి. వాటికి గ్రీజు పెట్టడం, బోల్టులు బిగించడం, చప్పుడు విని ఏ చక్రం అరిగిందో చెప్పడం నా పని. లారీ గేర్‌బాక్సులో ఒక పన్ను జారితే లారీ ఆగుతుంది. ఇక్కడ ఒక పన్ను జారితే ఆకాశం తప్పుతుంది.

నిన్న అన్నాల దగ్గర పెద్ద సారు నా పక్కన కూర్చున్నారు. తెలుగువారే, కాకినాడ వైపు. "పాత టీవీలో చానల్ రాకపోతే చీమల్లా మెరుస్తూ బుస్సుమంటుంది చూశావా? అందులో కాస్త, నూటిలో ఒక వంతు అనుకో, విశ్వం పుట్టిన కొత్తలో బయల్దేరిన వెలుగు" అన్నారు. మన ఇంట్లో ఆ బుస్సు వచ్చినప్పుడల్లా నేను టీవీ నెత్తిన కొట్టేవాణ్ణి. ఎంత పాపం చేశానో చూడు.

గ్రీజు వేలిముద్ర పడింది, ఏమనుకోకు.

నాగేందర్


అశోక్‌నగర్
17 ఫిబ్రవరి 2013

మీకు,

మీ ఉత్తరం చదివి నవ్వాపుకోలేక వంటింట్లో కూలబడ్డాను. అత్తమ్మ కంగారుపడి "ఏందే, దయ్యం పట్టిందా?" అంది. అది దస్తీ కాదండీ. గడ్డ పెరుగులో నూలు గుడ్డ ముంచి నీడలో ఎండబెట్టాను. పెరుగు కవరులో రాదు కాబట్టి గుడ్డలో పంపాను. మీరు దాన్ని మల్లెపువ్వు చేశారు.

ఇది రెండో గుడ్డ. దీన్ని ఉతకకండి. పాలు కాచి, వేలు పెడితే ఓర్చుకోగలిగినంత వెచ్చగా ఉన్నప్పుడు గుడ్డ అందులో వేసి మూత పెట్టి కదపకుండా ఉంచండి. మొదటి రోజు నీళ్ళగా తోడుకుంటుంది. అందులోంచి ఒక చెంచా తీసి మర్నాడు మళ్ళీ పాలల్లో వేయండి. మూడో రోజుకు మన పెరుగు వస్తుంది. పెళ్ళయి వచ్చేటప్పుడు మా అమ్మ సత్తు గిన్నెలో పోసి ఇచ్చిన తోడే ఇది. నాలుగేళ్ళుగా ఒక్క పూట కూడా తప్పనివ్వలేదు.

హాస్టల్ యజమాని విశ్వేశ్వరరావు గారు మొన్న నారాయణగూడ నుంచి వచ్చారు. ఆయన కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. గుంటూరు నుంచి వచ్చి నలభై ఏళ్ళయినా యాస పోలేదు. "ఏమ్మా, మీ ఆయన టెలిస్కోపు దగ్గర పనిచేస్తున్నాడటగా?" అన్నారు. తలూపాను. "ఆకాశం మీద పరిశోధనేనా?" అన్నారు. ఆయన మాట విన్నానని మళ్ళీ తలూపాను. చాలా సంతోషించి వెళ్ళారు. ఎందుకో తెలియదు.

అత్తమ్మకు మీ పని చదివి వినిపించాను. "చప్పుడు విని చెప్తడా? చిన్నప్పటి సంది వాని చెవులు పాము చెవులు" అని అందరికీ చెప్పుకుంటోంది.

ఈసారి గుడ్డ అంచులు కూడా కుట్టాను,
మీ మహేశ్వరి


క్యాంపు
31 మార్చి 2013

మహేశ్వరీ,

పెరుగు తోడుకుంది! మూడో రోజు అన్నంలో కలిపి నోట్లో పెట్టుకోగానే నేను అశోక్‌నగర్ వంటింటి గడప మీద కూర్చున్నాను. అదే పులుపు, చివర్లో అదే కొంచెం తీపి. ఇక్కడి పాలు వేరు, నీళ్ళు వేరు, ఎండ వేరు. అయినా అదే రుచి. నా గదిలో ఉండే మరాఠీ కుర్రాళ్ళు గిన్నె నాకేశారు. ఇప్పుడు రోజూ రెండు లీటర్లు తోడేయిస్తున్నారు నాతో.

మొన్న ఇక్కడ పెద్ద సంబరం. యూరప్ వాళ్ళు పైకి పంపిన ఉపగ్రహం ఒకటి విశ్వంలోని పాత వెలుగునంతా కొలిచి బొమ్మ తయారుచేసిందట. మా డిష్‌లు చేసే పని వేరు, ఆ బొమ్మ మాది కాదు. అయినా సారు దాన్ని గోడకు అంటించి అందరికీ మిఠాయి పంచారు. కోడిగుడ్డును పొడుగ్గా పడుకోబెట్టినట్టు ఉంది, నీలం, ఎరుపు చుక్కలతో. ఆ చుక్కలు చూసి తేడాలు చాలా ఉన్నాయనుకున్నాను. సారు నవ్వి, "తేడా కనపడాలని రంగులు పెంచి వేశారోయ్. నిజానికి ఆకాశం ఏ మూల చూసినా వేడి ఒక్కటే. తేడా లక్షలో ఒక వంతు" అన్నారు. వేడి అంటే మన వేడి కాదు, మంచుకన్నా ఎంతో చల్లన. కానీ అన్ని వైపులా ఒకే చల్లన.

ఇక్కడే ఒక చిక్కుముడి చెప్పారు. తూర్పు చివరి నుంచి వచ్చే ఆ వెలుగు మన దగ్గరికి రావడానికి పదమూడు వందల ఎనభై కోట్ల ఏళ్ళు పట్టింది. పడమటి చివరి నుంచి వచ్చేదానికీ అంతే. మధ్యలో మనం ఉన్నాం కాబట్టి రెండింటినీ చూస్తున్నాం. కానీ తూర్పు మూల వెలుగు పడమటి మూలకు ఇంకా చేరనే లేదు. వెలుగుకన్నా వేగంగా కబురు మోసేది లేదు. అంటే ఆ రెండు మూలలూ ఒకదాన్నొకటి ఎన్నడూ చూడలేదు, ఒక ఉత్తరం ముక్క కూడా రాసుకోలేదు. మరి రెండూ లక్షలో వంతుకు మించి తేడా లేకుండా ఒకే వేడికి ఎట్లా వచ్చాయి?

సారు జవాబు చెప్పబోతే వద్దన్నాను. "మా ఇంట్లో పొడుపు కథలు విప్పేవాళ్ళున్నారు, ముందు వాళ్ళను అడుగుతా" అన్నాను. నువ్వూ అమ్మా ఆలోచించండి.

పెరుగు కుండ కాపలాదారు,
నాగేందర్


అశోక్‌నగర్
14 ఏప్రిల్ 2013

మీకు,

మీ చిక్కుముడి వారం రోజులు నన్ను నిద్రపోనివ్వలేదు. అత్తమ్మను అడిగితే "దేవుడు చెప్పిండేమో, మనకెందుకు?" అంది. మంజుల తన పుస్తకాలన్నీ తిరగేసి, "ఇది సిలబస్‌ల లేదక్కా" అంది.

మొదట, ఎవరో ఒకరు రెండు మూలలకూ వెళ్ళి చెప్పి ఉంటారనుకున్నాను. కానీ వెలుగును మించి ఎవరూ పరుగెత్తలేరని మీరు ముందే తలుపు మూసేశారు. తర్వాత, ఏమీ లేదు, ఊరికే అలా కుదిరిందేమో అనుకున్నాను. కానీ అరవై మందికి వండుతున్నాను కదండీ, ఒకే పొయ్యి మీద ఒకే చేత్తో చేసిన రెండు కుండల పప్పే ఒకేలా కుదరదు. అంత పెద్ద ఆకాశం ఊరికే కుదురుతుందా?

నిన్న అన్నపూర్ణమ్మ గారు, అంటే విశ్వేశ్వరరావు గారి భార్య, నారాయణగూడ నుంచి గిన్నె పంపారు. పోయిన ఏడు మన దగ్గర తోడు పట్టుకెళ్ళారు కదా, ఈసారి తన పెరుగు రుచి చూడమన్నారు. నోట్లో వేసుకున్నాను. అదే పులుపు, చివర్లో అదే తీపి. అప్పుడు మీ ఉత్తరం గుర్తొచ్చి ఒళ్ళు జలదరించింది. నారాయణగూడ పెరుగుకు పుణె పెరుగు సంగతి తెలియదు. ఎన్నడూ చూసుకోలేదు. అయినా రుచి ఒక్కటే. కబురు వెళ్ళినందుకు కాదు. రెండూ ఒకప్పుడు నా కుండలో ఒకే పెరుగుగా ఉన్నందుకు.

మీ సారుకు ఇలా చెప్పండి: ఆ రెండు మూలలూ ఇప్పుడు దూరంగా ఉన్నాయి కానీ, మొదట్లో ఒకే చిన్న కుండలో పక్కపక్కనే ఉండి ఉంటాయి. అక్కడే బాగా కలిసి ఒకే వేడికి వచ్చి ఉంటాయి. తర్వాత ఎవరో ఆ కుండను చాలా తొందరగా, చాలా దూరం పంచేశారు. తప్పయితే నవ్వకండి. నవ్వినా నాకు రాయకండి.

ఇంకో సంగతి. విశ్వేశ్వరరావు గారు మీరు సెలవు మీద ఎప్పుడు వస్తారని అడిగారు. "జూన్ నాలుగో వారమా?" అంటే తలూపాను. ఆయనకు మీతో ఏదో పని ఉందట.

జవాబు కోసం గుమ్మంలో నిలబడ్డ,
మీ మహేశ్వరి


క్యాంపు
5 మే 2013

మహేశ్వరీ,

సారుకు నీ ఉత్తరంలో ఆ ముక్క చదివి వినిపించాను. ఆయన చేతిలో చపాతీ అలాగే ఉండిపోయింది. "మళ్ళీ చదువు" అన్నారు. మళ్ళీ చదివాను.

నీ జవాబు ఒప్పు! ముప్పై ఏళ్ళ క్రితం పెద్ద పెద్దవాళ్ళు చెప్పిన మాట కూడా అదేనట. మొదట అంతా వేలెడంత కాదు, అణువుకన్నా చిన్న చోటులో ఉండి, కలిసిమెలిసి ఒకే వేడికి వచ్చింది. తర్వాత రెప్పపాటులో కోటి కోటి వంతుకన్నా తక్కువ సమయంలో చోటే ఉబ్బి సాగిపోయింది. మూలలు పరుగెత్తలేదు, వాటి మధ్య చోటు సాగింది. అందుకే వెలుగును ఎవరూ దాటినట్టు కాదు. ఇది చాలామంది ఒప్పుకునే మాట, ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు, గట్టి రుజువు కోసం ఇంకా వెతుకుతున్నారని కూడా సారు చెప్పారు. ఉన్నది ఉన్నట్టు రాయమన్నారు.

"లక్షలో వంతు తేడా ఉంది కదా, అదెందుకు?" అని నేను అడిగాను. "ఆ కాస్త తేడా లేకపోతే నువ్వూ లేవు, నేనూ లేను. రవ్వంత చిక్కగా ఉన్న చోటే పోగుపడి నక్షత్రాలయింది" అన్నారు. నీ పెరుగు పైన మీగడ కట్టినట్టు అన్నమాట.

ఆ రోజంతా నేను గ్రీజు డబ్బా పట్టుకుని రాజులా తిరిగాను. జూన్ ఇరవై రెండుకు వస్తున్నాను. విశ్వేశ్వరరావు గారి పని ఏమిటో నాకు తెలుసు. హాస్టల్ నీళ్ళ మోటారు ఎప్పటినుంచో మూలుగుతోంది. బోల్టులు విప్పే పానాలు తెస్తానని చెప్పు.

నాగేందర్


అశోక్‌నగర్
2 జూన్ 2013

మీకు,

ఆయన పని మోటారు గురించి కాదు. ఇందులో పెట్టిన కార్డు చూడండి.

విశ్వేశ్వరరావు గారూ, వారి మిత్రులూ నెలకొక ఆదివారం చిక్కడపల్లిలో గుడి వెనక సందులోని చిన్న హాల్లో ఎవరో ఒకరితో మాట్లాడిస్తారు. జూన్ ఇరవై మూడున మీరట. కార్డు మీద ఇలా ఉంది: "విశ్వమంతా ఒకేలా ఎందుకుంది? ప్రసంగం: శ్రీ నాగేందర్ గారు, ఖగోళ శాస్త్రవేత్త." మంజులతో నేను చెప్పుకున్న కబుర్లు విని ఆ పేరు పెట్టారట. నా తలూపులే ఇంత పని చేశాయి.

దాచను. కార్డు చేతికి రాగానే మీ పేరు పక్కన ఆ మాట పదిసార్లు చదువుకున్నాను. చాలా సంతోషమేసింది. తర్వాతే భయం వేసింది. అశోక్‌నగర్ గోడల మీద కోచింగ్ సెంటర్ల బొమ్మల మధ్య కూడా మీ పేరు అంటించారు. ఏం చేయాలో చెప్పండి.

మహేశ్వరి


క్యాంపు
10 జూన్ 2013

మహేశ్వరికి,

కార్డు చూశాను. నా పేరు పక్కన ఆ మాట పదిసార్లు చదివి సంతోషించానని రాశావు. నా అసలు పని ఉంటే ఒక్కసారైనా చదివేదానివా?

నేను పదో తరగతి తప్పినవాణ్ణి. గ్రీజు చేతులవాణ్ణి. ఇక్కడ ఎవరి ముందూ నాకు నామోషీ లేదు. సారు పక్కనే కూర్చుని తింటాను. సొంత ఇంట్లోనే నామోషీ ఉందని ఇప్పుడు తెలిసింది.

వానలకు ముందు పని ఎక్కువగా ఉంది. సెలవు వద్దని రాసిచ్చాను. దసరాకు చూద్దాం. అమ్మ మందులు మరవొద్దు.

నాగేందర్


అశోక్‌నగర్
24 జూన్ 2013

మీకు,

మీ ఉత్తరం పద్నాలుగో తారీఖు నాటికి రావలసింది. ఆ రోజు ప్రత్యేక రాష్ట్రం కోసం అసెంబ్లీ ముట్టడని ఎక్కడికక్కడ కంచెలు వేశారు. పదిహేడున అందింది. చదివి, మడిచి, బియ్యం డబ్బాలో పెట్టి, అరవై మందికి వంట చేశాను. ఏడ్చానని రాయను, ఉల్లిపాయలు కూడా తరిగాను కాబట్టి.

మర్నాడు నారాయణగూడ నడిచి వెళ్ళాను, విశ్వేశ్వరరావు గారికి నిజం చెప్పాలని. అన్నపూర్ణమ్మ గారు మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టారు. నేను నోరు తెరిచేలోపు ఆయన, "అమ్మా, బర్కత్‌పుర నుంచి, విద్యానగర్ నుంచి కూడా వస్తున్నారు. హాలు చాలదేమో!" అన్నారు. నేను ఏం చేశానో మీకు తెలుసు. తలూపి వచ్చేశాను. దారిపొడుగునా నా మెడను నేనే తిట్టుకున్నాను.

నిన్న సాయంత్రం అత్తమ్మను, మంజులను తీసుకుని హాలుకు వెళ్ళాను. ఎనభై మందైనా ఉంటారు. హాస్టల్ పిల్లలు, పంచెలు కట్టుకున్న పెద్దవాళ్ళు. విశ్వేశ్వరరావు గారు మైకు దగ్గరికి వెళ్ళి, "శాస్త్రవేత్త గారు ఇంకా..." అంటుండగా నా కాళ్ళు వాటంతటవే లేచాయి. వేదిక దాకా వెళ్ళాను. ఆయన మైకు ఇచ్చారు.

"మా ఆయన శాస్త్రవేత్త కాదు" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. వెనక నుంచి ఎవరో "వినిపించట్లేదండీ" అన్నారు. అప్పుడు అత్తమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. "గట్టిగ చెప్పవే! నా కొడుకు పని గంత మెల్లగ చెప్పేది కాదు" అంది.

అంతే. నాకు నోరొచ్చింది.

"మా ఆయన అక్కడ మెకానిక్. డిష్‌ల చక్రాలకు గ్రీజు పెడతడు. చప్పుడు విని ఏది అరిగిందో చెప్తడు. ఆయన చక్రం తిప్పకపోతే చదువుకున్న సార్లకు ఆకాశం కనపడదు. తప్పు నాది. పెద్దలు అడిగితే తలూపుడు తప్ప నాకు రాదు. మీరు అది ఔననుకున్నరు" అన్నాను. నా దగ్గరున్న ఇంకో కార్డు తీసి, విశ్వేశ్వరరావు గారి జేబులోని పెన్ను అడిగి, శాస్త్రవేత్త అన్న మాట కొట్టేసి "మెకానిక్" అని రాసి అందరికీ చూపించాను. ఆ కార్డే ఇందులో పెట్టాను.

విశ్వేశ్వరరావు గారు ఆ కార్డు తీసుకుని చదివి తిరిగిచ్చారు. తర్వాత, "తప్పు నీది కాదమ్మా. తలూపితే ఔనని నేనే అనుకున్నా. ఇన్నేళ్ళు పాఠం చెప్పి, అడగడం మరిచిపోయాను. వచ్చినవాళ్ళను ఉత్త చేతులతో పంపుతామా? నీకు తెలిసింది నువ్వు చెప్పు" అన్నారు.

చెప్పానండీ. మీరు రాసినవన్నీ చెప్పాను. టీవీ బుస్సు చెప్పాను, మీరు టీవీ నెత్తిన కొట్టడం కూడా చెప్పాను. రెండు మూలలు ఒకదాన్నొకటి చూడలేదని చెప్పి, మరి ఎట్లా ఒకటయ్యాయని అడిగాను. అప్పుడు నా కుండ సంగతి చెప్పాను. గుడ్డను సబ్బు పెట్టి ఉతికిన దగ్గర హాలంతా నవ్వింది. కోప్పడకండి, ప్రేమగా నవ్వారు. "పుణెలో తోడుకున్న పెరుగూ నారాయణగూడల తోడుకున్న పెరుగూ ఒక్కటే రుచి, ఎందుకంటే ఒకప్పుడు ఒకే కుండల ఉన్నయి" అనగానే అన్నపూర్ణమ్మ గారు ముందు వరుసలోంచి, "నిజమేనండోయ్, మా ఇంట్లో పెరుగు ఈ పిల్లదే!" అన్నారు.

జగన్నాథరావు గారని కళ్ళద్దాల పెద్దాయన లేచి, "ఇది రుజువైందా అమ్మా?" అని అడిగారు. "లేదు సార్. చాలామంది ఒప్పుకుంటరు, ఇంక వెతుకుతున్నరు. ఉన్నది ఉన్నట్టే చెప్పమన్నరు" అన్నాను. ఆయన కూర్చోకుండా చేతులు జోడించారు. నాకు!

చివర్లో విశ్వేశ్వరరావు గారు నవ్వుతూ, "చూశారా, అంతా ఒకే కుండలోదేనట. మరి మన పిల్లలు విడిపోతామంటున్నారు" అన్నారు. మంజుల ఊరుకుంటుందా? లేచి, "ఒకే కుండల తోడైనా సార్, ఎవరి గిన్నె వాళ్ళకు కావాలె గదా!" అంది. పిల్లలంతా చప్పట్లు. ఆయనే అందరికన్నా గట్టిగా నవ్వి, "ఈ పిల్లకు ఉద్యోగం వచ్చి తీరుతుంది" అన్నారు.

ఇంటికి వచ్చేటప్పుడు అత్తమ్మ నా చెయ్యి వదల్లేదు.

ఇప్పుడు మీకు నా మాట. నేను పదిసార్లు చదివింది ఆ ఒక్క మాటను కాదు. అచ్చులో మీ పేరు నేను అంతకు ముందు ఎన్నడూ చూడలేదు. శుభలేఖ మీద చూశాను కానీ అప్పుడు సిగ్గుతో సరిగా చదవలేదు. పక్కన మెకానిక్ అని ఉన్నా పదిసార్లు చదివేదాన్ని. ఇప్పుడు ఉంది కదా, ఇప్పటికి ఇరవైసార్లయింది. మీ ఉత్తరాల మీద గ్రీజు వేలిముద్రలు ఉన్నాయి. అవి ఏ ఉత్తరానివో చూడకుండా చెప్పగలను.

ఇక మీద మీరు ఫోన్ చేస్తే మాట్లాడతాను. ఎవరు పక్కనున్నా సరే.

మీ మహేశ్వరి


క్యాంపు
3 జూలై 2013

మహేశ్వరీ,

నన్ను క్షమించు అని రాస్తే చాలదు, కానీ మొదట అదే రాస్తున్నాను. ఎనభై మంది ముందు నువ్వు నిలబడి నా పని చెప్పావు. నేను మాత్రం ఒక్క మాట చదివి నీ మీద అలిగి కూర్చున్నాను. చక్రం చప్పుడు విని ఎక్కడ అరిగిందో చెప్పగలను కానీ, నీ ఉత్తరంలో చప్పుడు వినలేకపోయాను.

నీ ఉత్తరం నేను సారుకు ఇవ్వలేదు, ఆయనే అడిగి తీసుకున్నారు. మూడు రోజుల తర్వాత తిరిగి ఇస్తూ, "నా విద్యార్థులకు దీన్ని చదివి వినిపించాను. కుండ సంగతి ఎవరు చెప్పారని అడిగారు. అశోక్‌నగర్‌లో అరవై మందికి వండే ఆమె చెప్పిందన్నాను" అన్నారు. ఆ కార్డును ఏడో నంబరు డిష్ కింద, గేర్ల గది తలుపు లోపలి వైపు అంటించాను. పొద్దున తలుపు తీయగానే నీ చేతిరాత. "మెకానిక్"లో నీ మకారం కాస్త వంగి ఉంది, నిలబడే రాసినట్టున్నావు. ఆ వంకర నాకు చాలా ఇష్టం.

సెలవు మళ్ళీ అడిగాను, ఇచ్చారు. ఇరవయ్యో తారీఖు పొద్దున కాచిగూడలో దిగుతాను. హాస్టల్ మోటారు సంగతి కూడా చూస్తాను, పానాలు తెస్తున్నాను.

ఇంకో గుడ్డ కూడా తెస్తాను. ఇక్కడి నా పెరుగులో ముంచి నీడలో ఎండబెట్టింది, ఉతకనిది. ఐదు నెలలుగా అది నీ కుండకు దూరంగా, వేరే పాలల్లో, వేరే ఎండలో బతికింది. దాన్ని అక్కడ పాలల్లో వేసి, మూడో రోజు నీ పెరుగు ఒక గిన్నెలో, నాది ఒక గిన్నెలో పోసి అమ్మ ముందు పెడదాం. ఏ గిన్నె ఎవరిదో చెప్పకూడదు.

అమ్మ నాలుక సంగతి నీకు తెలుసు, చారులో ఒక్క ఉప్పు రాయి ఎక్కువైనా పట్టేస్తుంది. ఆమె రెండూ తిని, మళ్ళీ తిని, "ఏది ఏదో నాకు తెలుస్తలేదురా" అన్న రోజున ఆకాశం సంగతి నేను పూర్తిగా నమ్ముతాను.

నీ నాగేందర్, మెకానిక్